బొమ్మకి పెట్టిన చెయ్యి

పోయిన వారం నిచ్చెన విరిగిన చప్పుడు దగ్గర ఆగాం. ఆ నిచ్చెన మీద నిలబడి గోడకి సున్నం పూస్తున్నవాడు రంగులక్క తమ్ముడు. కింద నుంచి దాన్ని విరగ్గొట్టినవాడు గాలిబాబాయ్ పెద్దకొడుకు. వాడి చేతిలో ఉన్నది తండ్రి కొట్లోని పెద్ద పానా. మోచెయ్యంత పొడవుంటుంది, ఇనుపది, గ్రీజు మరకన్నది లేకుండా మెరుస్తోంది.

సైకిళ్లకి గాలి కొట్టుకుని బతికే గాలిబాబాయ్‌ని పోయిన సోమవారం తెల్లవారేసరికి ఎవరో తల పగలగొట్టి, ఆయన కొట్టు గుమ్మంలోనే పడేసి పోయారు. ఆసుపత్రిలో కన్ను తెరవకుండా ఉండి ఉండి, నిన్న సాయంత్రం పోయాడు. పోలీసులు రంగులక్క తమ్ముణ్ణి తీసుకెళ్లి, కూర్చోబెట్టి, నాలుగు తగిలించి, రుజువు దొరక్క వదిలేశారు. వీధికి అలాంటి ఇబ్బందులు లేవు. ముందురోజు సాయంత్రం వాడు గాలిబాబాయ్ కాలర్ పట్టుకున్నాడు, చంపేస్తానన్నాడు, పొద్దున చూస్తే వాడి చొక్కా నిండా ఎర్రటి మరకలు. ఇంకేం కావాలి? అవి రంగు మరకలని వాడు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు.

వాడు చెప్పింది నిజమే. ఆ రంగు డబ్బా వాడి మీదికి విసిరింది గాలిబాబాయే.

గొడవంతా ఆ గోడ మీద బొమ్మ దగ్గర మొదలైంది. మూతపడ్డ మిల్లు ప్రహరీ గోడ అది, వీధి పొడుగునా ఉంటుంది. బోర్డులు రాసి పొట్ట పోసుకునే రంగులక్క, తన సొంత సరదా కొద్దీ ఆ గోడ మీద వీధి మొత్తాన్ని దించుతోంది. రోజూ పొద్దున ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని చూస్తుంది. ఎవరు ఎక్కడ నిలబడతారో గోడ మీద సరిగ్గా అక్కడే, నిలువెత్తున వేస్తుంది. మాంసం కొట్టు అన్న చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటూ ఉంటాడు. ఇస్త్రీ అత్త పెట్టెలో బొగ్గులు ఊదుకుంటూ ఉంటుంది. ముఖాలు తనే వేస్తుంది గానీ చేతులు మాత్రం ఎవరివి వాళ్లే వచ్చి గోడకి ఆనించాలి, చుట్టూ బొగ్గుతో గీత గీసుకుంటుంది. చెయ్యి కొలత తప్పితే బొమ్మ పరాయిదైపోతుందని ఆవిడ పట్టుదల. గాలిబాబాయ్‌ని స్టూలు మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నట్టు వేసింది. ఆయన రోజూ చేసే పని అదే. కానీ వీధంతా పగలబడి నవ్వేసరికి ఆయనకి ఒళ్లు మండింది. చెయ్యి పెట్టనన్నాడు, డబ్బా విసిరాడు, కాలర్లు పట్టుకోవడం దాకా వెళ్లింది. బొమ్మ చేతుల్లేకుండా మిగిలిపోయింది.

ఇప్పుడు ఆ బొమ్మ కిందే తమ్ముడు పడి ఉన్నాడు.

పెద్దోడు వాణ్ణి లేవనివ్వలేదు. పానా ఎత్తి భుజం మీద కొట్టాడు. ఆపుకోవడానికి తమ్ముడు ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. మోచేతికీ మణికట్టుకీ మధ్య ఆ చెయ్యి వంగకూడని చోట వంగింది.

"నేను కాదురా," అన్నాడు తమ్ముడు. "ఒరేయ్, ఒక్క బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం కదరా. నేను కాదు."

"నువ్వు కాకపోతే ఇంకెవడురా?"

బూటుకాలితో మూతి మీద తన్నాడు. తమ్ముడు నెత్తురుతో పాటు ఒక పన్ను ఉమ్మాడు. గోడ పట్టుకుని లేవబోయాడు. పెద్దోడు జుట్టు పట్టుకుని వాడి తలని గోడకేసి కొట్టాడు. తడి ఆరని సున్నం మీద నెత్తురు చిమ్మింది.

చుట్టూ వీధి మొత్తం నిలబడి ఉంది. ఆదివారం పొద్దున కదా, అందరూ ఇళ్లలోనే ఉన్నారు. పాల గిన్నె చేతిలో పట్టుకుని ఒకావిడ, తల సగం దువ్వుకుని ఒకావిడ. ఒక్కళ్లూ అడుగు ముందుకు వెయ్యలేదు. మాంసం కొట్టు అన్నయితే చేతులు కట్టుకుని, "కడుపుకోత వాడిది, వాణ్ణి ఆపడానికి మనమెవరం?" అన్నాడు. పోయింది వాడి తండ్రిగానీ బిడ్డ కాదు. కోతలు కోసేవాడికి ఆ తేడా తెలియాలని ఎక్కడుంది!

ఎదురుగా సైకిల్ కొట్టు తలుపు సగం తెరిచి ఉంది. గాలిబాబాయ్ భార్య, అందరికీ పిన్ని, గాలి పంపు పక్కన నిలబడి చూస్తోంది. నిన్నటి నుంచి ఆవిడ కంట చుక్క రాలలేదు. దుఃఖానికి బిగుసుకుపోయిందని అందరూ జాలిపడుతున్నారు.

రంగులక్క పరిగెత్తుకొచ్చింది. సందు మొదట్లో నీళ్ల కోసం వెళ్లిన మనిషి, బకెట్ అక్కడే వదిలేసింది. వస్తూనే పెద్దోడి మీద పడి, పానా ఉన్న చేతి మణికట్టుని పళ్లతో పట్టుకుంది. వాడు కేక పెట్టి విదిలించాడు. ఆవిడ వదల్లేదు. మోచేత్తో ముక్కు మీద ఒక్కటిచ్చేసరికి వెనక్కి పడింది. సున్నం బకెట్ దొర్లి ఆవిడ కాళ్లంతా తెల్లబడ్డాయి.

"అడ్డం రాకు రంగులక్కా. నీ మీద నాకేం కోపం లేదు."

"వాడు నిద్రపోతే చెవి దగ్గర డప్పు కొట్టినా లేవడురా! ఆ రాత్రంతా ఈ బొమ్మ పక్కనే టార్పాలిన్ పట్టా కింద పడి నిద్రపోయాడు. ఎలా చంపుతాడు?"

"నువ్వు చూశావా?"

చూడలేదు. ఆవిడ ఇంట్లో పడుకుంది. రంగు డబ్బాలకి కాపలాగా తమ్ముడే గోడ దగ్గర పడుకుంటాడు.

ఆవిడ లేవబోతూ గోడ వైపు చూసింది. తమ్ముడి నెత్తురు సున్నం మీద అప్పుడే ఇంకుతోంది. మధ్యలో ఎర్రగా ఉంది, అంచుల దగ్గర మాత్రం అప్పుడే ముదిరి, జేగురుమట్టి పూసినట్టు గోధుమరంగుకి తిరుగుతోంది. ఆవిడ కళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ రంగుని ఆవిడ ఇంతకుముందు చూసింది. ఇదే గోడ మీద, సోమవారం పొద్దున చూసింది.

ఆ పొద్దున వీధంతా ఆసుపత్రి దగ్గర ఉంటే ఆవిడ ఒక్కతే గోడ దగ్గరికి వచ్చింది. చేతుల్లేని బొమ్మని చూస్తే మనసు ఒప్పలేదు. ఆ ముసలాయన లేచి వచ్చేసరికి చేతులైనా పెట్టి ఉంచుదామనుకుంది. బొమ్మ ఒడి దగ్గర గోడ మీద ఒక చేతి ముద్ర కనిపించింది, అలికినట్టుగా, గోధుమరంగులో. తమ్ముడు జేగురు చేతులతో గోడ ముట్టుకున్నాడని వాణ్ణి పిలిచి తిట్టిపోసింది. వాడు "నేను కాదే అక్కా" అన్నాడు. "నువ్వు కాకపోతే ఇంకెవరురా?" అంది. ఆ ముద్రని చెరపడమెందుకని దాని చుట్టూ బొగ్గుతో గీత గీసి, పైన ఒంటిరంగు వేసి, గాలిబాబాయ్ బొమ్మకి చెయ్యి చేసేసింది.

వీధి రంగుని చూసి నెత్తురనుకుంది సరే, రంగులతోనే పుట్టి పెరిగిన తను నెత్తుటిని చూసి రంగనుకుంది. పైగా చంపినవాళ్ల చేతి ముద్రతోనే చచ్చినవాడి బొమ్మ పూర్తి చేసింది.

పెద్దోడు మళ్లీ పానా ఎత్తాడు. ఈసారి తలకి గురి పెట్టాడు.

"ఆగరా! మీ నాన్నని కొట్టిన చెయ్యి ఈ గోడ మీద ఉంది!"

పానా గాలిలో ఆగింది.

ఆవిడ ముక్కు లోంచి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ముద్ర సంగతీ, జేగురనుకున్న సంగతీ, పైన రంగు వేసిన సంగతీ. చెప్పి బొమ్మ చెయ్యి చూపించింది. గాలిబాబాయ్ ఒళ్లో సైకిల్ టైరు మీద ఆనించినట్టున్న కుడిచెయ్యి.

పెద్దోడు ఒక్క క్షణం ఆ చెయ్యి వైపు చూశాడు. తర్వాత తమ్ముణ్ణి మెడ పట్టుకుని ఈడ్చుకెళ్లి, విరగని కుడిచేతిని తీసి ఆ బొమ్మ చేతి మీద అదిమిపెట్టాడు.

సరిగ్గా సరిపోయింది. వేలికి వేలు, గీతకి గీత.

గుంపులోంచి ఒక్కసారిగా అరుపు లేచింది. "ఇంకా చూస్తావేంట్రా!" అన్నాడు మాంసం కొట్టు అన్న. చేతులు కట్టుకున్నవాడు కాస్తా చేతులు విప్పాడు.

"అయ్యో, కాదు! ఆ గీత నాది!" రంగులక్క గొంతు చించుకుంది. "ముద్ర అలికిపోయి ఉంటే, అది వీడిదేననుకుని వీడి చెయ్యిలా సర్ది గీశాను! వీడి చెయ్యి నాకు కంఠతా వచ్చురా! పైన ఉన్నది నేను గీసిన గీత. కింద ఉన్నది చూడండి, కింద!"

జేబులోంచి గోడ పెచ్చులు గీకే రేకు తీసింది. పెద్దోడు తమ్ముడి మెడ మీద మోకాలు పెట్టి గోడకి నొక్కి పట్టుకున్నాడు. తమ్ముడి ముఖం నల్లబడుతోంది.

"గీకు. తొందరగా గీకు. వీడిదే అయితే మాత్రం వీడు ఇక్కడి నుంచి లేవడు."

ఆవిడ గీకింది. ఒంటిరంగు పొరలు పొరలుగా రాలింది. అరచెయ్యి మొదలు కనిపించింది, చిన్నది. బొటనవేలు పొట్టిది, తమ్ముడి బొటనవేలికంటే ఒక కణుపు తక్కువ.

"చూశావా? వీడిది కాదు. చూశావా!"

పెద్దోడి మోకాలు కాస్త సడలింది. తమ్ముడు ఊపిరి పీల్చుకుని దగ్గాడు. గుంపు మెడలు సాచి ముందుకి జరిగింది. రంగులక్క చెయ్యి సంతోషంతో గబగబా ఆడింది. చూపుడువేలు తేలింది. మధ్యవేలు తేలింది. తర్వాత ఉంగరం వేలు గీకుతూ, దాని పక్క సందు కోసం రేకు జరిపింది.

సందు లేదు.

ఉంగరం వేలూ చిటికెనవేలూ రెండూ కలిసిపోయి, ఒకే పట్టీలా, మొదటి కణుపు పైదాకా గోధుమరంగుగా ఉన్నాయి. సోమవారం పొద్దున అది రంగు అలుక్కుపోయి అలా అయిందనుకుని, తనే మధ్యలో గీత గీసి రెండు వేళ్లుగా విడదీసింది.

రేకు అక్కడే ఆగిపోయింది.

ఆ చెయ్యి ఎవరిదో ఆవిడకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఇంకా నడక రాలేదు. వాణ్ణి ఇస్త్రీ బల్ల కింద బట్టల మూటల మధ్య పడుకోబెట్టి, ఒక చేత్తో ఊపుతూ ఒక చేత్తో ఇస్త్రీ చేసిన మనిషిది. చిన్నప్పుడే నిప్పులు మీద పడి రెండు వేళ్లు అతుక్కుపోయిన మనిషిది. ఈ గోడకి చెయ్యి ఆనించిన రోజున, "నాలుగు వేళ్లే కదే అమ్మాయ్, నీకు రంగు కలిసొస్తుంది" అని నవ్విన మనిషిది.

"ఏం, ఆగావ్?" అన్నాడు పెద్దోడు.

"చాలుగా. వీడిది కాదని తెలిసింది. వదిలేయ్."

"ఎవరిది మరి?"

"తెలీదు."

"వీధిలో అందరి చేతులూ గీసింది నువ్వు. తెలీదంటావా?" వాడు తమ్ముడి కుడిచేతిని మళ్లీ గోడకి అదిమాడు. "నీకు తెలుసు. నీ ముఖమే చెప్తోంది. చెప్తావా, ఈ చెయ్యిని ఇక్కడే చితక్కొట్టమంటావా?"

రంగులక్క నోరు తెరిచింది. చెప్తే తమ్ముడు బతుకుతాడు, ఈ గుంపు అత్తని ముక్కలు చేస్తుంది. చెప్పకపోతే...

పానా పడింది. తమ్ముడి చూపుడువేలు గోడకీ ఇనుముకీ మధ్య నలిగిపోయింది. వాడు అరిచిన అరుపుకి మిల్లు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఆ వేలితోనే వాడు రంగులు కలిపి, చివర చూసి, "ఇంకొంచెం నీలం వెయ్యాలే అక్కా" అంటాడు.

రంగులక్క ఏడుస్తోంది. నోట్లో నెత్తురూ కన్నీళ్లూ కలిసిపోయాయి. అయినా చెప్పలేదు. తన నోరు ఎందుకు పెగల్లేదో ఆవిడకే అర్థం కాలేదు, తమ్ముడి మీద ప్రేమ లేకనా? వాడంటే ప్రాణం. కానీ ఆ ప్రాణానికి బువ్వ పెట్టిన చెయ్యి అది.

పానా మళ్లీ లేచింది.

"వాడి చెయ్యి వదలరా."

గుంపు రెండుగా చీలింది. ఇస్త్రీ అత్త నడిచి వస్తోంది. బొగ్గుమసి పట్టిన బట్టలు, చెమట పట్టిన మెడ, ముఖంలో మాత్రం తొందరేమీ లేదు. సరాసరి గోడ దగ్గరికి వచ్చి, రంగులక్కని భుజం పట్టి పక్కకి జరిపి, తన కుడిచెయ్యి ఆ ముద్ర మీద పెట్టింది.

అరచెయ్యి, పొట్టి బొటనవేలు, అతుక్కున్న రెండు వేళ్లు. ఇక ఎవరూ అడగాల్సిన పని లేదు.

"అత్తా, ఎందుకొచ్చావ్?" అంది రంగులక్క, చిన్నపిల్లలా.

"ఎందుకేమిటే? వాడి వేళ్లన్నీ చితికేదాకా లోపల చొక్కాలు మడతపెట్టుకోమంటావా?" అని అత్త పెద్దోడి వైపు తిరిగింది. "మీ నాన్నని కొట్టింది నేనేరా. ఇస్త్రీ పెట్టెతో కొట్టాను."

పెద్దోడు తమ్ముణ్ణి వదిలేశాడు. ఒక్క అంగలో వచ్చి అత్త జుట్టు ఒడిసిపట్టి మోకాళ్ల మీద కూలేశాడు. మెరిసే పానా ఆవిడ నుదుటికి ఆనించాడు. రంగులక్క వాడి కాళ్లు పట్టుకుంది. వాడు తన్నితే పక్కకి దొర్లి, మళ్లీ పాకుతూ వచ్చి పట్టుకుంది.

"ఎందుకు?" అన్నాడు వాడు. "నీకేం చేశాడు? చిన్నప్పటి నుంచీ అత్తా అత్తా అని తిరిగాను కదే నీ చుట్టూ. ఎందుకు కొట్టావ్?"

"పెట్రోలు డబ్బా పట్టుకొచ్చాడురా. తెల్లవారబోతుంటే నేను బొగ్గులు రాజేసుకుంటున్నాను. మీ నాన్న ఆ పట్టా మీద పెట్రోలు పోస్తున్నాడు. కింద వీడు పడుకుని ఉన్నాడు. బొమ్మ తగలబెడదామనుకున్నాడో, కింద మనిషి ఉన్నాడని తెలుసో తెలీదో, నాకు తెలీదు. అగ్గిపెట్టె తీశాడు. చేతిలో ఏముందో అదే విసిరి కొట్టాను. డబ్బా కాలవలో పారేశాను, వెతుక్కో."

గుంపులో గుసగుస మొదలైంది. మాంసం కొట్టు అన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"అబద్ధం! అగ్గిపెట్టె లాక్కుంటే సరిపోయేది. తల మూడు నాలుగు చోట్ల చితికిపోయిందని డాక్టరు చెప్పాడు. అన్నిసార్లు కొట్టావా? పడినవాణ్ణి పట్టుకుని అన్నిసార్లు కొట్టావా?"

పానా పైకి లేచింది. అత్త తల దించుకోలేదు. కానీ ఆవిడ ముఖం మొట్టమొదటిసారి మారింది.

"మూడు నాలుగు చోట్లా?"

"నాటకాలాడకు!"

"ఒక్కటే కొట్టానురా. ఒట్టు, ఒక్కటే. కిందపడ్డాడు, చూద్దామని తల పట్టుకుంటే చెయ్యంతా తడిసింది. నాకు కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. అప్పటికే ఆయన లేచి కూర్చుని నన్ను బూతులు తిడుతున్నాడు. చచ్చేవాడు అన్ని బూతులు తిట్టగలడా? నన్ను లేపి పంపించింది వేరే మనిషి. ఆసుపత్రికి తీసుకెళ్తుంది కాబోలు అనుకుని పోయాను. పొద్దున చూస్తే కొట్టు గుమ్మంలో పడి ఉన్నాడన్నారు. నా దెబ్బకే అలా అయిందనుకుని ఇన్నాళ్లూ లోపలే కుమిలిపోతున్నాను."

"వేరే మనిషా? ఎవరు?"

పెద్దోడు ఆవిడ జుట్టు మెలిపెట్టాడు.

"ఎవరే? ఏమంది?"

నొప్పికి కళ్లు మూసుకుని, ఆ మాట ఆవిడ నోటి నుంచి జారిపోయింది.

"'నువ్వెళ్లు వదినా, మిగతాది నేను చూసుకుంటాను' అంది."

ఈ వీధిలో ఇస్త్రీ అత్తని వదినా అని పిలిచేది ఒక్కరే. ముందు రంగులక్క తల తిప్పింది. తర్వాత మాంసం కొట్టు అన్న తిప్పాడు, పాల గిన్నె ఆవిడ తిప్పింది. గుంపు మొత్తం సైకిల్ కొట్టు వైపు తిరిగింది. అందరికంటే చివర, తిరగక తప్పక, పెద్దోడు తిరిగాడు.

పిన్ని గాలి పంపు వదిలేసి మెట్టు దిగింది. రోడ్డు దాటి వచ్చింది. నిన్నటి నుంచి తడవని కళ్లు ఇప్పుడూ తడవలేదు. ముందు గోడ కింద పడి మూలుగుతున్న తమ్ముణ్ణి చూసింది, వాడి నలిగిన వేలు చూసింది, ఆ తర్వాత కొడుకు చేతి వైపు చూసింది.

"పానా కింద పెట్టు నాన్నా," అంది. "దాన్ని ఆ పొద్దున కడిగి పెట్టింది నేనే."